పత్తి చేనుకూ పెద్ద రోడ్డుకూ ఒకే బండి: గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్

మా చేను ఆదిలాబాద్ జిల్లాలో, ఇచ్చోడ దగ్గర జాతీయ రహదారి దిగి లోపలికి వెళ్తే వస్తుంది. హైదరాబాద్‌లోని మా ఇంటి నుంచి సుమారు 280 కిలోమీటర్ల దారిలో చివరి మూడు కిలోమీటర్లే బండ్ల బాట, అదీ రేగడి నేల. వానాకాలంలో ఆ మూడు కిలోమీటర్ల కోసం ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి, కావాలనుకున్నాను. అయితే పక్క సీటులో కూర్చునేది నడుం నొప్పితో బాధపడే మా అమ్మ కనుక, మిగతా దారి పొడవునా కుదుపులు లేకుండా వెళ్లడం కూడా అంతే అవసరం. ఖర్చు చేతికి అందేలా ఉండాలన్నది మూడో షరతు. చాలా బండ్లు చూసి, నడిపి, చివరకు 2023 నాటి సెకండ్ హ్యాండ్ మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్, మాన్యువల్ గేర్ బండి తీసుకున్నాను. ఆల్‌గ్రిప్ అన్నది ఫోర్ వీల్ డ్రైవ్‌కు మారుతి పెట్టుకున్న పేరు.

మొదట మనసు పడింది మారుతి జిమ్నీ మీద. నిచ్చెన లాంటి ఛాసిస్, ముందూ వెనుకా రిజిడ్ యాక్సిల్ (రెండు పక్కల చక్రాలను కలిపే ఒకే ఇరుసు), నెమ్మదిగా కానీ ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్ ఉన్న ఆ చిన్న బండి బురదలో నిజంగా గట్టిది. కానీ ఆ రిజిడ్ యాక్సిల్ వల్లనే ఒక చక్రం గుంతలో పడితే రెండో పక్క కూడా ఊగుతుంది, వెనుక కూర్చున్నవారికి ఆ ఊపు నేరుగా తెలుస్తుంది. నలుగురికే సీట్లు, వెనుక సీటు మడవకపోతే డిక్కీ 208 లీటర్లు మాత్రమే. పైగా అందులోని ఫోర్ వీల్ డ్రైవ్ పార్ట్ టైమ్ రకం. ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ (మలుపుల్లో చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు కనుక పొడి తారు రోడ్డు మీద ఫోర్ హైలో, అంటే మామూలు వేగంతో నాలుగు చక్రాలూ లాగే స్థితిలో, పెట్టి మలుపులు తిరిగితే గేర్ల మీద ఒత్తిడి పేరుకుపోతుంది. వాన ఒకచోట కురిసి మరోచోట వెలిసే రోడ్డు మీద లీవర్‌ను పదే పదే ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉండాలి.

మహీంద్రా స్కార్పియో-ఎన్ డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి దానికి పూర్తి భిన్నం. బలానికి, చోటుకు లోటు లేదు, హైవే మీద ఓడలా సాగిపోతుంది. అయితే దాదాపు రెండు టన్నుల బరువున్న బండిని వారంలో ఐదు రోజులు ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు తిప్పడం నాకు నచ్చలేదు. బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ బండి పొగ గొట్టంలోని ఫిల్టరులో చేరిన మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడూ దూర ప్రయాణం తప్పనిసరి. ధర ఇరవై లక్షలు దాటితే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శాతం కూడా పెరుగుతుంది.

గ్రాండ్ విటారా కారులాగే మోనోకాక్ బాడీతో, అంటే విడిగా ఛాసిస్ లేకుండా బాడీనే ఆధారంగా, కట్టిన బండి. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారుతున్నాయని తెలిసిన వెంటనే వెనుక డిఫరెన్షియల్ ముందున్న క్లచ్ బిగుసుకుని వెనుక చక్రాలకు కూడా బలం అందుతుంది. ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ అని నాలుగు మోడ్‌లు ఉన్నాయి. మన దగ్గర స్నో ఎక్కడిదని నవ్వుకోనక్కర్లేదు, తడిసిన ఎర్రమట్టి రోడ్డుకు అదే సరైనది. 17 అంగుళాల చక్రాలు, 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్నా కూర్చునే ఎత్తు కారుకు దగ్గరగానే ఉంటుంది, కాబట్టి అమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి దిగుతుంది. నిర్మల్ దగ్గర టీకి ఆగినప్పుడు "ఇండ్ల కూసుంటే నడుం నొస్తలేదు బిడ్డా" అంది. నా దృష్టిలో రైడ్ క్వాలిటీకి అంతకు మించిన కొలత లేదు.

ఇంజన్ సంగతి వేరు. 1462 సీసీ పెట్రోల్ ఇంజన్‌కు అదనపు బలాన్నిచ్చే టర్బో లేదు, టార్క్ (లాగే బలం) సుమారు 137 న్యూటన్ మీటర్లు. ఐదుగురితో, డిక్కీ నిండా సామానుతో మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరుకు దిగక తప్పదు. తొందరపడేవారికి ఇది నచ్చదు.

ఇక రేగడి. మొదటి వానలకు బండ్ల బాట మీద ముందు చక్రాలు తిరిగిన చోటే తిరుగుతుంటే లాక్‌లో పెట్టి, రెండో గేరులో, యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా తొక్కాను. వెనుక నుంచి ఎవరో నెట్టినట్టు బండి కదిలింది. ఆ ధైర్యంతో మరుసటి వారం ట్రాక్టర్ తొక్కిన లోతైన గాడిలోకి దింపాను. పొట్ట గట్టుకు ఆనుకుని నాలుగు చక్రాలూ గాలిలో తేలినట్టయ్యాయి. టైర్ల గాళ్లలో నల్లమట్టి మైనంలా నిండిపోయింది, మడ్‌గార్డు లోపల బిగుసుకున్న ముద్దను పత్తి కట్టెతో గీకి తీయడానికే అరగంట పట్టింది. చివరకు అదే ట్రాక్టర్ వచ్చి లాగింది. తప్పు నాదే, లో రేంజ్ లేని బండిని అక్కడికి తీసుకెళ్లకూడదు.

ఖర్చు విషయానికి వస్తే, కంపెనీ చెప్పే లీటరుకు 19.38 కిలోమీటర్ల మైలేజీ ప్రయోగశాల లెక్క. ట్యాంకు నింపి చూసుకున్న నా లెక్కలో హైవే మీద 90 దాటకుండా నడిపితే 17, నగరంలో 12 దాకా వస్తోంది. నేను లెక్క చూసుకున్నప్పుడు హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయల పైచిలుకు ఉండేది, ఆ లెక్కన ఊరికి వెళ్లడానికి ఒక వైపు దాదాపు 1,800 రూపాయలు అయ్యేది. మామూలు సర్వీసుకు తోడు ట్రాన్స్‌ఫర్ కేసు (వెనుక చక్రాలకు బలం మళ్లించే గేర్ల పెట్టె), వెనుక డిఫరెన్షియల్ ఆయిల్ అదనం. టైర్లతో మాత్రం జాగ్రత్త. ఒక దుకాణంలో అరిగిన ముందు రెండే మార్చుకొమ్మని గట్టిగా చెప్పారు. కానీ నాలుగు చక్రాల చుట్టుకొలత సమానంగా లేకపోతే వెనుక క్లచ్ ఊరికే శ్రమపడుతుంది. అందుకే వాటిని పదివేల కిలోమీటర్లకోసారి అటూ ఇటూ మార్చుకుంటూ, అరిగాక నాలుగూ ఒకేసారి మార్చడం మేలు.

ఇదే పేరుతో అమ్మే, పెట్రోల్ ఇంజన్‌కు తోడు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్ బండికి లీటరుకు 27.97 కిలోమీటర్ల మైలేజీ అంటారు. దానికి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు, ఆ అంకె చూసి పొరబడకండి. టయోటా హైరైడర్ ఆల్ వీల్ డ్రైవ్ లోపల ఇదే బండి, రెండింటిలో ఏది చవకగా దొరికితే అది తీసుకోవచ్చు. ఇప్పుడు కొత్తగా కొంటే ఆల్‌గ్రిప్ ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో వస్తోంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఏదైనా ఘాట్ రోడ్డు మీద ఒకసారి నడిపి చూడండి.