ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు: పరుషాలు కింద, సరళాలు పైన, హ్రస్వ ఒకారం మాత్రం మూలన

తెలుగు అక్షరాలనే నేరుగా కీల మీద అమర్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉచితం. విండోస్‌లో, లినక్స్‌లో కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. అయినా చాలామంది దాన్ని ఒకసారి తెరుస్తారు. ఇంగ్లీషు కె కీ నొక్కితే క వస్తుంది, బాగుందనుకుంటారు. ఆ వెంటనే ఇంగ్లీషు ఎ కీ నొక్కితే ఓత్వం వస్తుంది. అక్కడితో మూసేసి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతికి వెళ్లిపోతారు.

వాళ్లను తప్పుపట్టలేం. కానీ రోజూ పేజీలకు పేజీలు తెలుగు రాసేవాళ్లు, ముఖ్యంగా తమ ఊరి మాట ఊరి మాటలాగే రాయాలనుకునేవాళ్లు, దీన్ని ఒక నెల ఓపికగా చూడాలి.

ముందు అమరిక సంగతి. వర్ణమాల ఎడమ, కుడి చేతులకు పంచి ఉంటుంది. అచ్చులు, గుణింతాలు, పొల్లు ఎడమ చేతికి. హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి. కుడి చేతి మధ్య వరుస చూడండి: ప, ర, క, త, చ, ట. ర తీసేస్తే మిగిలినవి పరుషాలు. సరిగ్గా వాటి పై వరుసలో బ, గ, ద, జ, డ ఉంటాయి. అవి సరళాలు. చిన్నప్పుడు సరళాదేశ సంధి బట్టీపట్టినవాళ్లకు ఈ జతలు కొత్త కాదు. ఒత్తక్షరాలకు వేరే చోటు లేదు: క మీద షిఫ్ట్ పడితే ఖ, గ మీద పడితే ఘ. గుణింతం గుర్తు మీద షిఫ్ట్ వేస్తే ఆ అచ్చు వస్తుంది. అకారానికి గుర్తు లేదు కాబట్టి, అ అక్షరాన్ని పొల్లు ఉన్న డి కీ మీదే షిఫ్ట్‌లో పెట్టారు. ఎంత ముచ్చటైన ఆలోచనో!

భారతీయ లిపులను కంప్యూటర్లో వాడటానికి చేసిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఈ అమరికకు చోటు దక్కింది. కన్నడ, హిందీ, తమిళం అన్నిటికీ అదే పటం. హోసూరులోనో బళ్లారిలోనో ఉంటూ రెండు లిపుల్లో రాయాల్సిన తెలుగువాళ్లకు ఇది పెద్ద లాభం. వేళ్లకు ఒకసారి అలవాటైతే భాష మార్చే మీట నొక్కడమే, క కీ ఎక్కడికీ పోదు.

ఈ లాభమే ఒక నష్టం కూడా. ఈ పటం నాగరి లిపిని దృష్టిలో పెట్టుకుని గీసింది. హిందీలో హ్రస్వ ఎ, ఒ వేరుగా లేవు. అందుకే ఏత్వం, ఓత్వం మధ్య వరుసలో దర్జాగా కూర్చున్నాయి. మనకు అడుగడుగునా కావాల్సిన ఎత్వాన్ని జెడ్ కీకి, ఒత్వాన్ని ఒకటి అంకెకు ఎడమన ఉన్న మూల కీకి తోసేశారు. తెలుగులో ఎప్పుడో ఒకసారి వచ్చే ఔత్వం వాటికంటే నయమైన చోట ఉంది. "చెప్పొచ్చు" అని కొట్టి చూడండి: ఎడమ చిటికెన వేలు కింది మూల నుంచి పై మూలకు పరుగెత్తాలి. వెళ్లొస్తా, తినొద్దు, రావొచ్చు అంటూ రాసే వాడుక భాషలో ఈ పరుగు వాక్యానికొకటి తగులుతుంది. గ్రాంథికం రాస్తే తగ్గుతుందేమో! ఈ కీబోర్డులో నా అసలు ఫిర్యాదు ఇదే. దీనికి మందు లేదు, వేలికి నేర్పుకోవడమే.

కొత్తవాళ్లు మొదట తడబడేది ఒత్తు దగ్గర. చేత్తో "అమ్మి" రాసేటప్పుడు మకు గుడి పెట్టి, తర్వాత కింద ఒత్తు రాస్తాం. ఇక్కడ ఆ వరుసలో కొడితే ఒత్తు అతుక్కోదు, అక్షరం విరిగిపోయి కనిపిస్తుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే ప్రమాణమైన యూనికోడ్ రాత వరుసను కాదు, పలికే వరుసను దాస్తుంది. కాబట్టి మ, పొల్లు, మ, ఆ తర్వాతే గుడి. "స్త్రీ"కి స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘ గుడి: మొత్తం ఆరు మీటలు.

రెండో చిక్కు అరువు మాటలతో. "సాఫ్ట్‌వేర్" అని కొడితే ట కింద వ ఒత్తుగా చేరిపోతుంది, ఎందుకంటే పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తు చేయడమే లిపి నియమం. మధ్యలో కనిపించని విడదీత గుర్తు పెట్టాలి. వర్డ్‌లో అయితే ఆ చోట ఇంగ్లీషులోకి మారి 200సి కొట్టి, వెంటనే ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే సరి. ఇది ఉన్న మాట, లేని మాట వెతుకులాటలో వేర్వేరుగా లెక్కకు రావచ్చు. అందుకని ఒక పుస్తకం మొత్తానికి ఒకే పద్ధతి పాటించండి. (2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన "జ్ఞా" కథ గుర్తుందా? అందులోనూ ఇలాంటి విడదీత గుర్తే ఉంది. 11.2.6 వెర్షన్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది.)

ఇన్ని ఇబ్బందులున్నా దీన్నే ఎందుకు మెచ్చుకోవాలంటే, ఇది ఊహించదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫోన్ కీబోర్డులకు ల, ళ తేడా తెలిసే దారి లేదు. త, ట తేడా కూడా అంతే. తమ దగ్గరున్న మాటల జాబితా చూసి దగ్గరిది అందిస్తాయి. జాబితాలో బలంగా ఉండేది పత్రికల తెలుగు. "గిట్ల జేస్తున్రు", "ఏటి సెప్పినావు", "యాడికి పోతాండావు" లాంటివి కొట్టినప్పుడు పక్కనున్న ప్రామాణిక మాట ముందుకొచ్చి నిలబడుతుంది. ఒకటి రెండుసార్లు సరిదిద్దుతాం, మూడోసారి విసుగొచ్చి అది ఇచ్చిందే ఉంచేస్తాం. తెలంగాణ కథలోనూ ఉత్తరాంధ్ర కథలోనూ పాత్ర ఒకేలా మాట్లాడటం మొదలవుతుంది. ఇంటిపేర్లకూ ఇదే గతి. ఇన్‌స్క్రిప్ట్‌లో నొక్కింది నొక్కినట్టు పడుతుంది; ర కీ మీద షిఫ్ట్ వేస్తే బండి ఱ కూడా వస్తుంది. ఉచ్చారణలోని దంత్య చ, జ రాసే ౘ, ౙ మాత్రం మామూలు పటంలో దొరకవు. యూనికోడ్‌లో అవి 2008 నుంచీ ఉన్నా సరే.

విదేశాల్లో పెరిగి, ఇంగ్లీషు కీబోర్డే వేళ్లలో ఉన్నవాళ్లకు మధ్యేమార్గం ఆర్‌టీఎస్. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి. చిన్న టీ త, పెద్ద టీ ట. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. ఇది కూడా ఊహించదు కాబట్టి యాస పదిలం. లేఖిని అనే వెబ్‌సైటులో నేరుగా ప్రయత్నించవచ్చు. పిల్లలకు తెలుగు రాయడం నేర్పేటప్పుడు, సూచనల్లోంచి మాటను ఎంచుకునే పద్ధతి కంటే ఇది ఎంతో మేలు. ఎంచుకోవడంలో మాటను గుర్తుపట్టడమే ఉంటుంది. ఇక్కడ ళ కావాలో ల కావాలో వాళ్లే తేల్చుకోవాలి. డీటీపీలో అను ఫాంట్లకు అలవాటుపడ్డవాళ్ల లెక్క వేరు: ఆ పాత ఫైళ్లు యూనికోడ్ కావు, మార్పిడి చేయకుండా వెబ్‌లో పెడితే చదవలేని గీతలే మిగులుతాయి.

విండోస్‌లో పెట్టుకోవడం ఇలా: సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్లి తెలుగు చేర్చండి. విండోస్ భాషగా పెట్టాలా అన్న గడిలో టిక్ తీసేయండి, లేకపోతే మెనూలన్నీ మారిపోతాయి. తర్వాత తెలుగు ఆప్షన్స్‌లో కీబోర్డు చేర్చేచోట ఫొనెటిక్ కాకుండా ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకోండి. మార్చుకోవడానికి విండోస్ కీతో స్పేస్ బార్. కీల మీద అంటించే స్టిక్కర్లు కొనొద్దు, చూపు కిందికి అలవాటైపోతుంది. పటం అచ్చువేసి తెర పక్కన అతికించుకోండి. మొదటి వారం మధ్య వరుసతోనే వచ్చే మాటలు చాలు: కోతి, తోక, పేరు, కత్తి, పిట్ట, చుక్క. రెండో వారం పై వరుస. ఎత్వ ఒత్వాలను చివరికి వదిలేయకండి, వాటికే ఎక్కువ సాధన కావాలి.

ఫోన్‌లో మాత్రం ఈ అమరిక కోసం పట్టుబట్టనక్కర్లేదు. పది వేళ్ల కోసం గీసిన పటం రెండు బొటనవేళ్లకు నప్పదు. అక్కడ వర్ణమాల వరుసలో ఉండే తెలుగు కీబోర్డు పెట్టుకుని, ఆటో కరెక్షన్ ఆపేయండి.