టీనేజ్ పిల్లల చేతిలో పెట్టదగ్గ పుస్తకాలు

13, 14 ఏళ్ల పిల్లలకు ఏం ఇవ్వమంటారని ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఆన్ ఫ్రాంక్ డైరీనే. 1942లో 13వ పుట్టినరోజుకి వచ్చిన నోటుబుక్కులో మొదలుపెట్టి, నాజీల కంటపడకుండా ఇంటిల్లిపాదీ దాక్కున్న రెండేళ్లకు పైగా రాస్తూనే ఉంది ఆ అమ్మాయి. యుద్ధం కథ కదా, బరువుగా ఉంటుందేమో అనుకుంటాం గానీ అమ్మతో అస్సలు పడకపోవడం, తమతోపాటే దాక్కున్న పీటర్ అనే అబ్బాయి మీద ఇష్టం, తన గదిలోనే సర్దుకోవాల్సి వచ్చిన ఒక పెద్దాయనతో రాసుకునే బల్ల కోసం గొడవ, ఇవన్నీ చదువుతుంటే ఆ వయసు పిల్లలు ఇట్టే లీనమైపోతారు. పూర్తయ్యాక మాత్రం కాసేపు పక్కన కూర్చుని మాట్లాడండి, మనసు కలతపడుతుంది.

పుస్తకమంటేనే మొహం తిప్పుకునే అబ్బాయిలుంటే ఎస్.ఇ. హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్' ఇచ్చి చూడండి. 15 ఏళ్లకే రాయడం మొదలుపెట్టింది, 1967లో పుస్తకం వచ్చేసరికి ఆవిడకు 18, అందుకే ఎక్కడా పెద్దవాళ్లు క్లాసు పీకుతున్నట్టు ఉండదు. పేద పిల్లల గ్యాంగుకీ డబ్బున్న పిల్లల గ్యాంగుకీ మధ్య గొడవలే కథంతా, కానీ ఆ రెండు వైపులవాళ్లూ చూసేది ఒకే సూర్యాస్తమయాన్ని అని కథ చెప్పే కుర్రాడు పోనీబాయ్‌కి తట్టే చోటు నాకెంత ఇష్టమో చెప్పలేను.

ఇంకా చిన్నవాళ్లయితే 'వండర్', ముఖం అందరిలా లేని ఆగీ అనే అబ్బాయి బడికెళ్లే కథ. తోటివాళ్లని ఏడిపించడం గురించి ఇంత బాగా చెప్పిన పుస్తకాలు తక్కువ, ముఖ్యంగా ఆగీ అక్క వియా చెప్పే భాగం. ముగింపులో తీపి కాస్త ఎక్కువైంది, 15 దాటినవాళ్లకు అంతగా ఎక్కకపోవచ్చు.