ఆదివారాలకి భేష్, క్రిస్మస్‌కి చాలదు: పల్లె చర్చికి 120 వాట్ల మైకు సెట్టు

ఎనభై, తొంభై మంది పట్టే రేకుల చర్చి. పాస్టరు గారు, ముగ్గురు సంఘ పెద్దలు, ఒక డోలక్కు, ఒక కీబోర్డు. గోదావరి డెల్టాలో ఏ పుంతరోడ్డు పట్టుకుని వెళ్లినా ఇలాంటి సంఘం ఒకటి తగులుతుంది. అలాంటిచోట ఏడాది పొడవునా నడిచిన సెట్టు ఇది. కరెంటుతోనూ 12 వోల్టుల బ్యాటరీతోనూ నడిచే 120 వాట్ల ఆంప్లిఫయరు, 20 వాట్ల కాలమ్ బాక్సులు (గోడకి కట్టే నిలువు స్పీకర్లు) రెండు, 30 వాట్ల గొట్టాలు (బయటికి వినిపించే హారన్ స్పీకర్లు) రెండు, వైరు మైకులు మూడు, కార్డ్‌లెస్ ఒకటి.

ముందు వైర్ల సంగతి. కాలమ్ బాక్సులు ఆంప్లిఫయరు వెనక 100 వోల్టులని రాసిన లైనుకి తగిలిస్తే చాలు, పేచీ లేదు. తిప్పలన్నీ గొట్టాలతోనే. గొట్టం వెనక బిగించే యూనిట్, అంటే మోత పుట్టించే భాగం, ఒక్కోటి 16 ఓములు (కరెంటుకి అది ఇచ్చే అడ్డు). ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే రెండూ కలిసి 8 ఓములు అవుతాయి. ఆంప్లిఫయరు వెనక 8 అని రాసిన చోట బిగిస్తే లెక్క సరిపోయినట్టే ఉంటుంది కానీ, వాల్యూమ్ నిండా తిప్పారంటే 60 వాట్ల గొట్టాల్లోకి 120 వాట్లూ పోతాయి. అందుకని ఈ సెట్టుకి 4 దగ్గర బిగించడమే మేలు, సగం పవరే వెళ్తుంది, యూనిట్లు బతుకుతాయి. పొరపాటున 16 దగ్గర బిగిస్తే ఆంప్లిఫయరు కాగిపోయి ఫ్యూజు పోతుంది. పోయిన ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టారా, ఆ తర్వాత పోయేవి ట్రాన్సిస్టర్లు.

మామూలు ఆదివారాలకి ఈ సెట్టు మీద వంక పెట్టడానికి లేదు. బాక్సులు మైకు కన్నా ముందుకి, గోడకి రెండు పక్కలా, పై అంచు కాస్త కిందికి వంచి కట్టాలి. మైకు వెనక కట్టి, ఈల వేస్తోందని సెట్టుని తిట్టడం న్యాయం కాదు. మైకు నాబులన్నీ సున్నాలో పెట్టి, మాస్టర్ (మొత్తం వాల్యూమ్ నాబు) సగానికి తెచ్చి, ఒక్కో మైకూ ఈల వచ్చేదాకా పెంచి అక్కణ్ణించి కాస్త తగ్గించాలి. వాడని మైకు మూసెయ్యాలి. రేకుల కింద బేస్ తగ్గిస్తేనే మాట తేటగా వినపడుతుంది. మైకు తలని గుప్పిట్లో మూసి పాడేవాళ్లకి మాత్రం ఏ సెట్టూ మందు కాదు.

గుడ్ ఫ్రైడే అసలు పరీక్ష. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు, నడినెత్తిన వేడెక్కిన రేకులు. ఆ వేళ ఆంప్లిఫయరు గొంతు బొంగురుపోయిందంటే ముందు చూడాల్సింది దాని మీద కప్పిన లేసు గుడ్డ. లేసు అల్లిక నరసాపురం వైపు మిషనరీల చేతుల మీదుగానే వచ్చింది, బల్ల మీద ఎంత పరిచినా ముచ్చటే. గాలి కన్నాల మీద మాత్రం పరవొద్దు.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన పెట్టుకుంటే గుర్తుంచుకోండి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకరు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆరు దాటేదాకా నోటి పాటే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకీ అంతే, తలుపులు మూసుకుని లోపలి బాక్సులతో కానివ్వాలి.

కాలువలో ఇచ్చే బాప్తిస్మాలకి బ్యాటరీ బాగా పనికొచ్చింది. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు కాబట్టి బాప్తిస్మాలు ఎలాగూ నీళ్లు ఉండగానే పెట్టుకుంటారు. గట్టు మీద ప్రసంగానికి సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. 65 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని సగానికి మించి వాడకుండా ఆరు గంటలు లాగించొచ్చు. పాటలు గట్టిగా పెడితే లాగుడు 15 ఆంపియర్ల పైకి పోతుంది, రెండు గంటలే.

వానాకాలంలో సెట్టు మూలన పడితే సముద్రపు గాలికి జాక్ పిన్నులు చిలుము పడతాయి. మైకు కదిపినప్పుడల్లా గరగరమంటే అదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. తుడిచినా పోకపోతే జాక్ మూత విప్పి చూడండి, టంకం దగ్గర తీగ ఒక్క పోగు మీద వేలాడుతుంటుంది. గొట్టాల మూతి కాస్త కిందికి వంచి కట్టకపోతే వాన నీరు లోపలికి చేరుతుంది. తుఫాను కబురు వస్తే మొత్తం దించెయ్యడమే.

సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక కోత పండుగ. ఆరాధన అయ్యాక గుమ్మడికాయ, అరటి గెల, కోడిపుంజు వేలం. వేలం పాడే ఆయన జనంలో తిరగాలి, కార్డ్‌లెస్ అందుకే. అయితే సెల్లు నీరసించగానే అది మధ్యమధ్యలో మాటలు మింగుతుంది. పుంజు పాట అయిదొందల దగ్గరుండగా మైకు మూగబోతే తగువే. ఆవేళ కొత్త సెల్లు వెయ్యండి, పది మీటర్ల వైరు మైకు పక్కనే ఉంచండి.

క్రిస్మస్‌కి ఇది తేలిపోతుంది. ఆటో మీద కేరల్స్‌కి సరే. పందిట్లో పిల్లల నాటికలు, కీబోర్డు, డ్రమ్ము ప్యాడ్‌లు అన్నీ గొట్టాల్లోకి తోస్తే బేస్ దెబ్బకి యూనిట్ లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్, చిరుగుతుంది. గొట్టం మాట కోసం చేసింది, బేస్ దాని పని కాదు. బేస్ నాబు నిండా తగ్గించాలి, లేదా ఆ రెండు మూడు రోజులకీ బేస్ బాక్సులున్న సెట్టు అద్దెకి తెచ్చుకోవాలి. అద్దెకే మా ఓటు.

కొత్తగా కొనేవాళ్లు గొట్టాలు వదిలేసి ఆంప్లిఫయరు, కాలమ్ బాక్సులే తీసుకోండి. మిగిలిన డబ్బు మంచి మైకు వైర్లకి, రెండు స్టాండ్లకి, ఎలుకలు దూరని ఒక ఇనప బీరువాకి పెట్టండి. ఈ సెట్టుకి మా మార్కులు అయిదుకి మూడున్నర.