కార్లైల్ శాపశిల: మందల దొంగల చరిత్రను చూపే చోటు

ఉత్తర ఇంగ్లండులోని కార్లైల్ నగరంలో, కోటకూ టల్లీ హౌస్ మ్యూజియానికీ నడుమ, రోడ్డు కింది నడకదారిలో ఉన్న శాపశిలను తప్పక చూడవలసిందిగా నా మనవి. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దులో మందలను తోలుకుపోయిన రీవర్లను 1525లో గ్లాస్గో ఆర్చిబిషప్ గావిన్ డన్బార్ వెయ్యికి పైగా మాటలతో శపించగా, వాటిలో 383 మాటలను 2001లో ఈ గ్రానైటు బండపై చెక్కారు. అక్షరాలను వేలితో తడుముతూ చదువుతుంటే, తల వెంట్రుకలు మొదలుకొని ఒక్కొక్క అవయవాన్నీ శపించిన తీరుకు ఒళ్లు జలదరించింది. నేల మీద ఆర్మ్‌స్ట్రాంగ్, గ్రాహం వంటి రీవర్ల ఇంటిపేర్లున్నాయి.

ముందుగా మ్యూజియంలోని రీవర్ల విభాగాన్ని చూడడం మేలు. పశువులు పోయినవాడు ఈటె మొనకు మండే గడ్డిమట్టి పెళ్లను గుచ్చి, ఆరు రోజుల లోపల దొంగలను వెంటాడే హక్కును సరిహద్దు చట్టమే ఇచ్చింది. విరాటపర్వపు గోగ్రహణం వింటూ పెరిగిన నాకు ఆ నిప్పు ఎంతో దగ్గరగా కనిపించింది.