పదిహేడో అక్షాంశం నుంచి ఐదంగుళాల టెలిస్కోపు

నల్లగొండలో మా డాబా మీద, వీలు దొరికినప్పుడు చందంపేట వైపు బంధువుల పొలంలో, 2020 నుంచి నేను వాడుతున్నది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి బింబం ఏర్పడే చోటికి ఉన్న దూరం) గల న్యూటన్ తరహా, అంటే అద్దంతో వెలుగును పోగుచేసే టెలిస్కోపు. పైకీ కిందికీ, పక్కలకూ చేత్తోనే తిప్పుకొనే చిన్న డాబ్సోనియన్ పీఠం మీద అది కూర్చుంటుంది. ధర ఇరవై వేల రూపాయల లోపే పడింది. ఇంచుమించు అదే ధరకు మూడు కాళ్ల స్టాండు, ఈక్వటోరియల్ మౌంటు (ఒకే ఇరుసు చుట్టూ తిప్పుతూ నక్షత్రాల వెంట పోయే అమరిక) ఉన్నవీ దొరుకుతాయి, చూపులకు అవే ఘనంగా ఉంటాయి. అయినా మన ప్రాంతంలో తొలిసారి కొనేవారికి నేను ఈ సాదా పీఠాన్నే సూచిస్తాను.

కారణం మన అక్షాంశం. ఈక్వటోరియల్ మౌంటు ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది, మహబూబ్‌నగర్ ఇంకొంచెం దక్షిణంగా ఉంది. కనుక ధ్రువ నక్షత్రం మనకు దిగంతం నుంచి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, పట్టణంలోనైతే ఎదురింటి నీళ్ల ట్యాంకు చాలు దాన్ని కప్పేయడానికి. పైగా ఇరుసును అంత కిందికి వంచితే చిన్న మౌంట్లలో ప్రతిభారం కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది; కొన్ని అసలు ఇరవై డిగ్రీల కిందికి దిగనే దిగవు. డాబ్సోనియన్‌కు ఈ గొడవ లేదు. భూమి తిరుగుతూ ఉండటం వల్ల, 65 రెట్లు పెద్దగా చూస్తున్నప్పుడు గ్రహం మూడు నిమిషాల్లో కంటికటకం దాటిపోతుంది, మళ్లీ కొద్దిగా నెట్టుకోవాలి. ఈ పని చేతికి త్వరగానే అలవాటవుతుంది. నడినెత్తికి దగ్గరగా వచ్చే కృత్తికల వంటి వాటి దగ్గర మాత్రం గొట్టాన్ని తిప్పడం ఇబ్బందిగానే ఉంటుంది.

బల్ల మీద పెట్టుకోవచ్చని పెట్టె మీద రాసి ఉన్నా, ఇంట్లో వాడే బల్లలు ఊగుతాయి. వెల్డింగ్ షాపులో మోకాలెత్తు ఇనుప స్టూలు, అదీ మూడు కాళ్లది చేయించుకుంటే ఎగుడుదిగుడు చేనులో కూడా కదలకుండా నిలుస్తుంది. ఎర్ర చుక్క ఫైండర్‌ను (గొట్టాన్ని గురిపెట్టేందుకు వాడే చిన్న సాధనం) పగటిపూటే దూరపు సెల్ టవర్ కొనకు సరిచేసి పెట్టుకోవాలి; ఆ సమయంలో గొట్టం సూర్యుడి వైపు తిరగకుండా చూసుకోవడం ప్రాణావసరం, ఎందుకంటే వడపోత లేని టెలిస్కోపులో ఒక్క క్షణం సూర్యుణ్ణి చూసినా కన్ను పోతుంది. అద్దాల అమరికను మోటారు సైకిలు ప్రయాణం తర్వాత ప్రతిసారీ పరీక్షించాలి. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని స్పష్టత నుంచి కొంచెం తప్పించి చూసినప్పుడు వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే సరే, ఒక పక్కకు జరిగి ఉంటే వెనక మరలు తిప్పాలి. చేయి తిరిగాక ఇది ఐదు నిమిషాల పని.

ఇక ఆకాశం విషయం. విదేశీ మార్గదర్శకాలు ఎక్కువగా ఉత్తర దేశాల వారి కోసం రాసినవి కాబట్టి మన దక్షిణ ఆకాశానికి వాటిలో దక్కే చోటు తక్కువ. లండన్‌లో ఎన్నడూ ఉదయించని ఒమేగా సెంటారీ గోళాకార గుచ్ఛం (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపు) మనకు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దాన్ని పట్టుకోవడం తేలిక: మే నెల మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో చిత్త నక్షత్రం సరిగ్గా దక్షిణ దిక్కుకు వచ్చినప్పుడు, చాచిన చేతి పిడికిళ్లతో మూడున్నర కొలిచి నిటారుగా కిందికి దిగితే చాలు. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గుచ్ఛంలో కోటి దాకా నక్షత్రాలు ఉన్నాయని అంచనా. 26 రెట్ల వద్ద అది మసక ముద్దగానే ఉంటుంది. 65 రెట్లకు మారిస్తే అంచులు రవ్వ పోసినట్లు విడివడతాయి. చందంపేట నుంచి దక్షిణానికి కృష్ణా నది, ఆవల నల్లమల అడవి ఉండటంతో ఆ దిగంతం చీకటిగా ఉంటుంది. పట్టణంలో ఎల్ఈడీ వీధి దీపాల నడుమ ఇదే వస్తువు ఉందా లేదా అన్నట్లుంటుంది. 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జాపాల్-రంగాపూర్ వేధశాలనే హైదరాబాద్ వెలుగు దెబ్బతీసిందంటే ఐదంగుళాల అద్దం గురించి చెప్పేదేముంది?

డాబా మీదా చూడదగినవి చాలానే ఉన్నాయి. పెళ్లిలో అరుంధతిని చూపించే చోట వశిష్ఠుడే రెండు నక్షత్రాలుగా విడిపోవడం చూసి మా ఇంటి పెద్దలు చాలాసేపు నమ్మలేదు. శని వలయాలు కొన్న ఏడాది విశాలంగా కనిపించాయి, ఏటేటా ముడుచుకుంటూ 2025 చివరికి సన్నని గీతగా మారాయి. ఎక్కువ కాలం వాడితేనే దక్కే దృశ్యమిది. చంద్రుణ్ణి శుద్ధ సప్తమి, అష్టమి రాత్రుల్లో చూడాలి, పున్నమినాడు నీడలు లేక బిలాలు చప్పగా ఉంటాయి. మృగశిర వైపు ఉండే ఒరాయన్ నీహారిక (వాయువులు, ధూళి కలిసిన మేఘం) బూడిద రంగులోనే కనిపిస్తుంది. ఫోటోల రంగులను ఆశించినవారు ఇక్కడే నిరాశపడతారు.

వేసవిలో స్లాబు పగటి వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది, గ్రహాలు నీళ్లలో ఉన్నట్లు కదులుతాయి. మట్టి నేల మేలు. వానాకాలం నాలుగు నెలలూ దాదాపు విశ్రాంతే, అద్దానికి బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు వేసి మూసి ఉంచుతాను.

లోపాలు లేకపోలేదు. గొట్టం ముడుచుకొనేది కావడంతో మధ్య భాగం తెరిచి ఉండి పక్క వెలుగు లోపలికి వస్తుంది. స్టేషనరీ దుకాణంలో దొరికే నల్ల ఫోమ్ షీటు చుట్టాల్సి వచ్చింది. దానితో వచ్చిన 10 మిల్లీమీటర్ల కంటికటకం నాసిరకం, దానికి బదులు 6 మిల్లీమీటర్లది కొంటే 108 రెట్లు వస్తాయి, గ్రహాలకు అది చాలు. 500 రెట్లని ప్రకటించే చిన్న టెలిస్కోపుల జోలికి మాత్రం పోవద్దు. సెల్‌ఫోన్ క్లిప్పుతో చంద్రుడి ఫోటోలు బాగానే వస్తాయి. గెలాక్సీల చిత్రాలు తీయాలనుకునేవారికి ఇది పనికిరాదు. వారికి నక్షత్రాల వెంట తిరిగే మోటారు మౌంటు కావాలి, అది 17 డిగ్రీల దాకా దిగుతుందో లేదో డబ్బు కట్టకముందే అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి.