విదేశాల్లో సంపాదించిన డబ్బుతో జావా పల్లెలో వరి పొలం: కొనుగోలా, కౌలా, తాకట్టా, సగపాలా?

ఇండొనేషియాలో, తూర్పు జావాలోని పొనొరొగో, తులుంగాగుంగ్, బ్లితార్ జిల్లాల పల్లెల నుంచి ఎందరో, వారిలోనూ ఎక్కువగా ఆడవాళ్ళు, ఇంటిపనికీ వృద్ధుల సేవకూ హాంకాంగ్, తైవాన్, మలేషియాలకు వెళ్తుంటారు. అక్కడి నుంచి వచ్చిన డబ్బుతో ముందుగా ఇల్లు లేస్తుంది, ఆ తర్వాత వాకిట్లోకి మోటారుసైకిల్ వస్తుంది. ఇవి పోగా మిగిలిన సొమ్మును వరి పొలం మీద ఏ విధంగా పెట్టాలన్నదే ఆ కుటుంబానికి అసలు ప్రశ్న. గల్ఫ్ సంపాదనతో సొంతూరికి చేరిన కోనసీమ, కరీంనగర్ కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. జావాలో దీనికి నాలుగు దారులున్నాయి: సగపాలుకు చేయడం, కౌలుకు తీసుకోవడం, తాకట్టు పట్టడం, కొనడం.

ముందుగా భూమి ఎంత ఉంటుందో చూడాలి. జావా రైతుల్లో అత్యధికులకు ఉన్నది అర హెక్టారు లోపే. ఊళ్ళో జనం నేలను ఇప్పటికీ 'రు' లెక్కన చెప్పుకుంటారు. ఒక రు సుమారు 14 చదరపు మీటర్లు కాబట్టి, వంద రు అంటే మన లెక్కలో దాదాపు 35 సెంట్లు. హెక్టారుకు ఆరు టన్నుల పచ్చి ధాన్యం పండిందనుకుంటే ఆ వంద రు మీద ఎనిమిది క్వింటాళ్ళు వస్తాయి. 2025 జనవరి నుంచి ప్రభుత్వం ప్రకటించిన ధర కిలోకు 6,500 రూపియా (ఇండొనేషియా డబ్బు). ఆ లెక్కన ఒక పంట మొత్తం విలువ సుమారు 52 లక్షల రూపియా, మన డబ్బులో ముప్పై వేలకు కొంచెం అటూఇటూ. దుక్కి, నారు, నాట్లు, ఎరువు, కోత ఖర్చులన్నీ ఇందులోంచే పోవాలి. నాలుగు దారులూ ఈ చిన్న మొత్తాన్ని ఎవరెవరు ఎలా పంచుకోవాలన్న విషయంలోనే వేరవుతాయి.

చేతిలో డబ్బు లేనివారికి మిగిలేది సగపాలు. జావాలో దీనిని 'మారో' అంటారు. పండినదాంట్లో సగం భూమిగలవారికి, సగం సాగుచేసినవారికి. ఎరువుల ఖర్చు ఎవరు భరించాలన్నది ఊరూరా మారుతుంది. యజమానే పెట్టుబడంతా పెట్టిన చోట సాగుచేసినవారికి మూడో వంతు మాత్రమే దక్కే పద్ధతీ ఉంది. ఈ విషయంలో 1960లో వచ్చిన 2వ నంబరు చట్టం చాలా స్పష్టంగా ఉంది: ఒప్పందం ఊరి పెద్ద ఎదుట రాతపూర్వకంగా జరగాలి, మాగాణికి కనీసం మూడేళ్ళు, మెట్టకు ఐదేళ్ళు గడువు ఉండాలి, భూమి ఇచ్చినందుకు యజమాని ముందస్తు కానుక పుచ్చుకోకూడదు, భూమి పన్ను యజమానే కట్టాలి. అయితే పల్లెలో ఒప్పందం దాదాపు ఎప్పుడూ నోటిమాటే. వచ్చే పంటకు ఆ మడి తన చేతిలోనే ఉంటుందో లేదో తెలియని రైతు గట్టు బాగుచేయడానికీ పశువుల ఎరువు తోలడానికీ ఎందుకు పూనుకుంటాడు? చట్టం కోరిన మూడేళ్ళ గడువు నిజంగా అమలైతే నాలుగింటిలో అన్నిటికంటే న్యాయమైనది మారోయేనని నా అభిప్రాయం. కరువొచ్చినా, ఎలుకలు పడినా నష్టాన్ని ఇద్దరూ మోసేది ఇందులో మాత్రమే.

కౌలు పద్ధతి ఇందుకు భిన్నం. 'అదోల్ తహునాన్' పేరుతో పొలాన్ని ఒకటి, రెండు, మూడేళ్ళకు ఇస్తారు, డబ్బంతా ముందే చెల్లిస్తారు. పంట పోతే నష్టమంతా కౌలుదారుదే, బాగా పండితే లాభమూ అతనిదే. ఊళ్ళో ఉద్యోగులకు జీతం కింద వచ్చే గ్రామ భూములు కూడా చాలాచోట్ల ఇలాగే కౌలుకు దొరుకుతాయి. విదేశం నుంచి వచ్చిన కుటుంబానికి ఇందులో ఉన్న మేలు ఏమిటంటే, పదేళ్ళుగా వ్యవసాయానికి దూరమైన చేతులు మళ్ళీ పనిలో పడడానికి రెండేళ్ళ కౌలు సరిపోతుంది, ఈలోగా ఏ మడికి నీరు ముందు పారుతుందో, ఏది వెనకబడుతుందో స్వయంగా తెలుస్తుంది. గడువు తీరాక ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు.

తాకట్టు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే విదేశీ సొమ్ము ఎక్కువగా ఆకర్షితమయ్యేది దీనివైపే. ఆసుపత్రి ఖర్చు, పిల్లల పెళ్ళి, లేదా విదేశానికి వెళ్ళడానికే దళారికి కట్టాల్సిన సొమ్ము ఇలాంటి అవసరాలు మీదపడినప్పుడు పొరుగువారు తమ పొలాన్ని స్వాధీన తాకట్టు పెడతారు. డబ్బిచ్చినవారు పొలం దున్నుకుంటూ పంటంతా తీసుకుంటారు, అసలు పూర్తిగా తిరిగి వచ్చేదాకా పొలం వారి చేతిలోనే ఉంటుంది. కాగితం కూడా ఎంతో సాదాగా ఉంటుంది: గీతల కాగితం మీద నాలుగు వాక్యాలు, పొలానికి నాలుగు దిక్కులా ఎవరి హద్దులున్నాయో వారి పేర్లు, పదివేల రూపియాల స్టాంపు, దాని మీదుగా సాగిన సంతకం, కింద ఇద్దరు సాక్షులు. తిరిగి చెల్లించే తేదీ తరచుగా ఉండనే ఉండదు. పంట వడ్డీగా వస్తుంది, అసలు చెక్కుచెదరదు. ఇంతకంటే లాభసాటి బేరం లేదని డబ్బిచ్చినవారికి అనిపించడం సహజం.

చట్టం మాత్రం అలా చూడదు. 1960 నాటి 56వ నంబరు చట్టం ఏడో అధికరణం ప్రకారం, వ్యవసాయ భూమిని తాకట్టు కింద ఏడేళ్ళు లేదా అంతకు మించి అనుభవించినవారు ఉన్న పంట కోసుకున్న నెలలోగా పొలాన్ని యజమానికి తిరిగి అప్పగించాలి, అసలు సొమ్ము అడిగే హక్కు వారికి ఉండదు. ఏడేళ్ళ లోపు విడిపించుకోదలిస్తే దానికీ లెక్క ఉంది: ఏడున్నరలోంచి గడిచిన ఏళ్ళను తీసివేసి, ఏడుతో భాగించి, వచ్చిన భిన్నంతో అసలును గుణించాలి. మూడేళ్ళ తర్వాత విడిపిస్తే నాలుగున్నరను ఏడుతో భాగించినంత, అంటే అసలులో సుమారు 64 శాతం కడితే చాలు. తిన్న పంటలే బాకీని తీరుస్తాయన్నది ఇందులోని న్యాయం, అది సరైన న్యాయమేనని నమ్ముతాను. ఊరి ఆచారం దీనిని పట్టించుకోకపోవచ్చు గాని, తగాదా కోర్టుకు వెళ్తే నిలబడేది చట్టమే. ఆచారం నెగ్గినా, పదిహేనేళ్ళుగా తన పొలంలో పొరుగువాడి వరి పండుతుండగా చూస్తున్న కుటుంబంతో ఒకే వీధిలో ఉండాలి, వారి ఇంట శుభకార్యానికి వంటసాయానికి వెళ్ళాలి. ఇలా తాకట్టు పొలం పంట తినడం వడ్డీ కిందికే వస్తుందని చెప్పే మతపండితులూ ఉన్నారు.

ఇక కొనుగోలు. ఇండొనేషియా పౌరులకు మాత్రమే దక్కే పూర్తి యాజమాన్య హక్కు 1960 భూచట్టం ప్రకారం ఎంతో బలమైనది, అయితే ఆ బలమంతా భూకార్యాలయం ఇచ్చిన హక్కు ధ్రువపత్రం ఉన్నప్పుడే. చాలా పొలాలకు ఇప్పటికీ ఆధారం ఊరి కార్యాలయంలోని 'లెటర్ సి' పుస్తకమే. అందులో ఎస్ అని రాస్తే మాగాణి, డి అని రాస్తే మెట్ట, పక్కన తరగతి, పన్ను. ఒక పేరు కొట్టివేసి దాని పక్కన వారసుడి పేరు రాస్తారు, కొన్నిసార్లు చనిపోయిన తాత పేరు అలాగే మిగిలిపోతుంది. అలాంటి పొలం కొంటే సంతకాలు పెట్టాల్సిన వారసులు సుమత్రాలోనో జకార్తాలోనో ఉంటారు. 2021లో వచ్చిన 18వ నంబరు నిబంధన ఈ పాత కాగితాలను నమోదు చేయించడానికి ఐదేళ్ళ గడువు పెట్టి, ఆ తర్వాత అవి హక్కుకు రుజువుగా చెల్లవని, నమోదుకు ఆధారంగా మాత్రమే పనికొస్తాయని తేల్చింది. ఊరి భూములన్నిటికీ ఒకేసారి ధ్రువపత్రాలిచ్చే ప్రభుత్వ సామూహిక ధ్రువీకరణ పథకంలో జావాలో ఊరు వసూలు చేయగల సన్నాహక రుసుము 1,50,000 రూపియాకు మించకూడదు కాబట్టి, ధ్రువపత్రం తీసుకోకపోవడానికి ఖర్చు సాకు కాదు. కొనేవారు విలువలో మినహాయింపు పోగా ఐదు శాతం వరకు పన్ను, అమ్మేవారు రెండున్నర శాతం పన్ను కట్టాలి. పన్ను తగ్గించుకోవడానికి దస్తావేజులో ధర తక్కువగా రాయించే అలవాటు తర్వాత కొన్నవారికే చేటు తెస్తుంది.

కొన్న పొలంలో ఇల్లు కట్టవచ్చుననే ఆశ పెట్టుకోకూడదు. 2009లో వచ్చిన 41వ నంబరు చట్టం కింద రక్షిత ఆహార భూమిగా గుర్తించిన చోట ఆ మార్పిడికి అనుమతి ఉండదు. అంతకంటే ముఖ్యమైనది నివాసం. 1961 నాటి భూసంస్కరణ నిబంధన ప్రకారం వ్యవసాయ భూమి యజమాని ఆ భూమి ఉన్న ఉపజిల్లాలోనో, దాని పక్క ఉపజిల్లాలోనో నివసించాలి. సురబాయా నగరంలో కాపురం ఉంటూ పొనొరొగోలో పొలం కొనేవారికి ఇది నేరుగా వర్తిస్తుంది. దూరం కూడా తక్కువేమీ కాదు. సురబాయా నుంచి మదియున్ దాకా టోల్ రోడ్డు 2018లో వచ్చింది గాని, పొనొరొగోకు ఇప్పుడు రైలు లేదు. మదియున్‌లో దిగి బస్సు పట్టాలి, లేదా ఇంటి ముందు ఎక్కించుకుని ఇంటి ముందు దించే షేర్ వ్యాన్‌లో రావాలి. అందుకే చాలామంది రంజాన్ పండగకు తప్ప ఊరికి రారు. ఏడాదికొకసారి చూసే పొలం చివరికి అన్నదమ్ముల చేతికో, మారోకో వెళ్తుంది.

కాబట్టి నా తీర్పు ఇది. ఊళ్ళోనే స్థిరపడి స్వయంగా సాగుచేయదలచినవారు ముందు రెండేళ్ళు కౌలు చేసి, ఆ తర్వాత యాభై రు అయినా సరే, ధ్రువపత్రం ఉన్న పొలాన్నే కొనాలి. ఇంకొక ఒప్పందానికి విదేశం వెళ్ళబోయేవారు కొనకుండా సొమ్మును అట్టిపెట్టుకోవడమే మంచిది. తాకట్టు ఎవరికీ సిఫారసు చేయను. పొరుగువారికి సాయం చేయాలనే అనుకుంటే, గడువు రాసిన కౌలు కింద అదే సొమ్ము ముందుగా ఇస్తే వారి అవసరమూ తీరుతుంది, పొలమూ తేదీ ప్రకారం వారికి తిరిగి చేరుతుంది. బేరం కుదిరేముందు జిల్లా భూకార్యాలయంలో ధ్రువపత్రాన్ని సరిచూపించుకుని, ఆగస్టు, సెప్టెంబరు ఎండల్లో ఊరి నీటి పంపకం చూసే 'ఉలు-ఉలు'ను వెంటబెట్టుకుని కాలువ చివరిదాకా నడిచి, ఆ మడికి ఎన్నో వంతున నీరు వస్తుందో అడిగి తెలుసుకోవాలి.