వావిలాకు కాపడమా, తొడ కండరాల వ్యాయామమా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో మోకాళ్ల అరుగుదల నొప్పికి వావిలాకు మరిగించి, ఆ వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టడం తెలిసిన చికిత్సే. బిగుసుకున్న కండరాలు వేడికి సడలి ఉపశమనం వెంటనే తెలుస్తుంది గానీ, అది ఎక్కువసేపు నిలవదు. పైగా మధుమేహంతో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలినా తెలియదు.

కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, 5 సెకన్లు నిలిపి నెమ్మదిగా దించే వ్యాయామం ఆ పూటకు ఏమీ చేసినట్టు అనిపించదు. అయితే తొడ ముందుభాగపు కండరం బలపడేకొద్దీ మోకాలికి ఆసరా పెరిగి నొప్పి తగ్గుతుంది. అందుకు వారాలు పడుతుంది (ఓపిక లేనివారు ఇక్కడే మానేస్తారు). నా మొగ్గు దీనివైపే. కాపడం ముందు పెట్టుకుంటే కాలు తేలికగా కదులుతుంది. కీలు ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటే మాత్రం రెండూ ఆపి వైద్యునికి చూపించాలి.